ఫొటోకి పనికిరాని చెక్క

ఇస్త్రీ పిన్ని మొగుడు ఉద్యోగం చేసినన్నాళ్లూ సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకున్న పాపాన పోలేదు. పై అధికారి ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. రిటైరయ్యే ముందు ఎవరో జాలిపడి సూపరింటెండెంటు హోదా ఇస్తే, దాన్ని ఇంటికి మోసుకొచ్చుకుని మళ్లీ దించలేదు. వీధిలో "సూపర్నెంటు గారూ" అని పిలిస్తేనే ఆగేవాడు. ఉత్తినే పిలిస్తే చెవుడొచ్చినట్టు నడిచిపోయేవాడు. అలాంటి మనిషికి పెద్ద చర్చి కమిటీలో కార్యదర్శి పదవి దొరికింది. ఆ మరుసటి ఏడే చర్చికి జాతీయ వారసత్వ కట్టడమన్న గుర్తింపు వచ్చింది. ఇక చూడాలి ఆయన వైభోగం. ఆ గోడలు కట్టినవాళ్లు ఏనాడో పోయారు గనక సరిపోయింది గానీ, ఉండుంటే సున్నం ఎలా కలపాలో వాళ్లకి కూడా చెప్పేవాడు.

చర్చి నగరం నడిబొడ్డున, ఒక బ్యాంకుకీ బస్టాపుకీ మధ్య ఉంది. నల్లరాతి గోడలు, ఎత్తయిన గంట గోపురం, రంగుల అద్దాల కిటికీలు. ముందు వైపు మెట్లు వెడల్పుగా, దర్జాగా ఉంటాయి. పక్కన సందులోకి ఇంకో తలుపుంది. దానికీ మెట్లున్నాయి గానీ తక్కువ. ఆ తలుపులోంచి వెళితే ఒక చిన్న గది, ఆ గది దాటితే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల. పిన్ని జీవితంలో సగం ఆ పక్క తలుపుకీ ఆ బల్లకీ మధ్యే గడిచింది.

ఇస్త్రీ పిన్ని అంటారు కదాని కూలికి ఇస్త్రీ చేసే మనిషి అనుకోకండి. బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, శనివారం మధ్యాహ్నం తన చేత్తో పరిచి రావడం ఆవిడ పని. అంతకుముందు వాళ్లమ్మ చేసేది. ఎవరో ఇచ్చిన ఉద్యోగం కాదు, ఎవరూ తియ్యగలిగిందీ కాదు. గంజి పల్చగా ఉండాలి. చిక్కగా పెడితే గుడ్డ అట్టలా నిలబడుతుందే తప్ప బల్ల అంచుకి ఒదగదు. సగం ఆరాక తీసి, తువ్వాల్లో చుట్టి కాసేపు ఉంచి, ఆ చెమ్మ మీదే ఇస్త్రీ చెయ్యాలి. కుట్టుపని ఉన్న అంచుని బోర్లా వేసి, కింద మందపాటి తువ్వాలు పరిచి నొక్కితే పువ్వులు పైకి తేల్తాయి. కొవ్వొత్తి మైనం పడితే గోటితో గీకకూడదు. కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే మైనం కాగితంలోకి పోతుంది. అన్నీ అయ్యాక మడతపెట్టకుండా, బట్టల దుకాణం వాళ్లు పారేసే అట్ట గొట్టానికి చుట్టాలి. బల్ల మీద మడత గీత ఒక్కటి కనపడినా పిన్నికి ప్రసంగం చెవికెక్కేది కాదు.

"దేవుడు మడతలు చూస్తాడటే?" అనేవాడు మొగుడు, టై ముడి సరిచేసుకుంటూ.

"మీ టై కూడా చూడడు. మరి అద్దం ముందు అంతసేపు దేనికి?"

మనిషి సంగతి వాడు దుప్పటి మడతపెట్టే తీరులో తెలిసిపోతుందని పిన్ని గట్టి నమ్మకం. కొందరు అంచుకి అంచు కలుపుతారు. కొందరు ఉండచుట్టి మూలకి గిరాటేస్తారు. వాళ్లనైనా క్షమించొచ్చు, కనీసం దాపరికం లేదు. మొగుడిది మూడో రకం. పైకి కనపడే మడత తీర్చిదిద్దినట్టుండేది, లోపలంతా ఉండలు. పెళ్లయిన కొత్తలోనే ఆ దుప్పటి చూసి ఆవిడ ఒక అంచనాకి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన ఆ అంచనాని ఏనాడూ వమ్ము చెయ్యలేదు.

కమిటీలో మిగతావాళ్ల మీదా ఆవిడకి పెద్ద గౌరవమేం లేదు. కోశాధికారి నోరు తెరిస్తే తన దగ్గు గురించి తప్ప మాట్లాడడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు మంచివాడే, మెత్తటివాడు. ఎంత మెత్తటివాడంటే ఆయన్ని ఎవరు ఎటు నొక్కితే అటు వంగేవాడు. ఆయన ప్రసంగంలో ధైర్యం గురించి చెబుతుంటే పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అలాంటి పిన్ని ఒకరోజు స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, అతికిందన్నారు, నడుస్తారన్నారు. నడవలేదు. చేతులు మాత్రం ఇనుములా ఉన్నాయి. తమ్ముడు వచ్చి ఇస్త్రీ బల్ల కాళ్లు కోసి, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి అందేంత ఎత్తుకి తగ్గించాడు. తమ్ముడిది సరుకులు రవాణా చేసే చెక్కపెట్టెల షెడ్డు. చేతికి ఏ చెక్క దొరికితే దాంతో పని కానిచ్చే రకం.

"ఇంట్లో సరే అక్కా, అక్కడికెలా?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతున్నా."

వారం తిరక్కుండానే పెట్టెల చెక్కలతో ఒక వాలుబల్ల చేసి తెచ్చాడు. పక్క తలుపు మెట్ల మీద పరిస్తే కింద నేలా, పైన గడపా కలిసిపోయాయి. చక్రాలు జారకుండా అడ్డంగా సన్నబద్దలు కొట్టాడు. చెక్కల మీద 'పగిలే సరుకు, జాగ్రత్త' అన్న అచ్చు అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. చూడ్డానికి కురూపి. పిన్నికి మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి. శనివారం మధ్యాహ్నం తమ్ముడు కుర్చీ తోస్తుంటే, ఒళ్లో గొట్టానికి చుట్టిన తెల్లగుడ్డ పెట్టుకుని ఆవిడ దానిమీదుగా ఎక్కి లోపలికి వెళ్లింది. కూర్చునే, కుర్చీ ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుకుంటూ, గుడ్డ పరిచింది. ఇక తనకేం ఫరవాలేదనుకుంది.

అప్పుడు వచ్చింది కబురు, వారసత్వ కట్టడాల శాఖవాళ్లు తనిఖీకి వస్తున్నారని. ప్రతి గోడకీ, ప్రతి గదికీ, ప్రతి గుమ్మానికీ ఫొటోలు తీస్తారట. సూపర్నెంటుగారికి కాలు ఒకచోట నిలవలేదు. పెళ్లిచూపులకి ఇల్లు సర్దినట్టు చర్చి సర్దించాడు. విరిగిన కుర్చీలు దాయించాడు, చీపుళ్లు దాయించాడు, గోడగడియారం పాతదని తీయించాడు. (అదొక్కటే అక్కడ నిజంగా పాత వస్తువు, దాన్నే తీయించాడు.) చివరికి పక్క తలుపు దగ్గరికొచ్చి వాలుబల్ల చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటిది, సరుకు దింపుకునే గోదాములాగా! వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"నేను అటే కదండీ ఎక్కేది," అంది పిన్ని.

"ఎప్పటికీ తీసెయ్యమన్నానా? ఫొటోలు అయిపోగానే మళ్లీ వేయిస్తాను. ఒక్క వారం ఓపిక పట్టలేవా?"

వాలుబల్ల జనరేటరు గది వెనక్కి పోయింది. తనిఖీవాళ్లు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, మంచినీళ్లు మాత్రం తాగి వెళ్లారు. కొన్నాళ్లకి గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుతోపాటే వచ్చింది అసలు సంగతి. ఇకమీద కట్టడం ఆ ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. శాఖవాళ్ల అనుమతి లేకుండా ఒక మేకు దించకూడదు, ఒక మేకు పీకకూడదు.

పక్క తలుపు పక్కన గోడకి ఒక తుప్పుపట్టిన రేకు బోర్డుంది, 'ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు' అని. ఇన్ని దాయించిన మహానుభావుడి కళ్లకి అది ఆనలేదు. అది ఫొటోలో పడింది. అంచేత అది వారసత్వం. పిన్ని ఎక్కే చెక్క ఫొటోలో లేదు. అంచేత అది చెత్త. ఈ మాట మొగుడు చాలా గంభీరంగా చెప్పాడు, కొంచెం కూడా నవ్వు రాకుండా. ఆయనకి నవ్వెందుకు రాలేదా అని పిన్ని చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది.

"అనుమతి అడగొచ్చు కదా మరి," అంది చివరికి. "కార్యదర్శి మీరే."

"అడుగుతాలే."

తర్వాత వారం మళ్లీ అడిగింది. "మాట్లాడాను," అన్నాడు. ఆ తర్వాతి వారం, "ఒప్పుకోవడంలేదే. నేను చాలా గట్టిగానే అడిగాను. రూలంటే రూలంటున్నారు. మనమేం చేస్తాం?"

ఆవిడ నమ్మింది. విచిత్రం అదే. ఈ మనిషి వాతావరణం గురించి చెప్పినా ఒకసారి కిటికీలోంచి తొంగిచూసుకునే పిన్ని, ఈ ఒక్కమాట మాత్రం నమ్మేసింది. తన కాళ్ల విషయంలో కూడా అబద్ధమాడతాడని ఆవిడకి తట్టలేదు.

అక్కణ్ణుంచి గుడ్డ ఆవిడ ఇంటినుంచి ఒంటరిగా వెళ్లడం మొదలెట్టింది. కోశాధికారి భార్య వచ్చి తీసుకెళ్లేది. ఆ మహాతల్లి గొట్టం బరువని గుడ్డ ఊడదీసి, నాలుగు మడతలేసి సంచిలో కుక్కేది. బల్లమీద హోటల్లో టేబులుకి వేసినట్టు ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా వేసేది. ఆదివారం ఎవరో ఫోన్లో ఫొటో చూపిస్తే పిన్ని దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, ఫోను బోర్లించి ఇచ్చేసింది. ఆదివారాలు ఆవిడ సందులో, సైకిళ్లు పెట్టకూడని చోట, కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వచ్చే పాటలు వినేది. ఎండొస్తే గొడుగు, వానొస్తే ఇల్లు. లోపలివాళ్లు బయటికి వస్తూ, "ఇక్కడే హాయి పిన్నీ, గాలి బాగా తగుల్తుంది," అనేవాళ్లు. అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ గాలిలో కూర్చోలేదు.

ఆవిడకి కావలసింది పెద్ద కోరికేం కాదు. ఎవరి భుజాలూ పట్టుకోకుండా ఆ గడప దాటాలి, ఆ గుడ్డ తన చేత్తో పరవాలి. అది లేని శనివారాలు ఆవిడకి శనివారాల్లా లేవు. తమ్ముడితో ఒకసారి బయటపడింది కూడా. "అమ్మ చేసినపని నా చేతుల్లోంచి పోతోందిరా. చేతులు బాగానే ఉన్నాయి, అదీ ఏడుపు."

"నేను వెళ్లి రాత్రికి రాత్రి ఆ చెక్క వేసేస్తా అక్కా. ఎవడేం చేస్తాడో చూద్దాం."

"వద్దు. దొంగతనంగా ఎక్కను. అది నా చర్చి."

ఇలా ఉండగా శిలాఫలకం పెట్టే రోజు వచ్చింది. శాఖనుంచి పెద్ద అధికారిణి వస్తోంది. సూపర్నెంటుగారు కొత్త కోటు కుట్టించుకున్నాడు. కోటు బాగానే ఉంది, లోపలున్న మనిషే సరిపోలేదు. అతిథులు వచ్చేముందు ఆయన కమిటీలో బలంగా ఉన్నవాళ్లని పోగేసుకుని సందులోకి వచ్చాడు.

"నలుగురూ తలో కాలు పట్టండి, కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేద్దాం," అన్నాడు హుషారుగా. తర్వాత భార్యతో, గొంతు తగ్గించి, "ఇక్కడ బాప్తిస్మం తీసుకుని ఇప్పటికీ వస్తున్న పాత కుటుంబం మనదే. ముందు వరసలో ఉండాలి నువ్వు. ఫొటో తీస్తారు."

పిన్ని కుర్చీ చక్రాలకి బ్రేకు వేసింది.

"నలుగురూ మోసుకుని నన్ను లోపలికి తీసుకెళ్లే రోజు ఒకటి ఎలాగూ ఉంది," అంది. "ఆరోజు నేను వద్దనలేను. ఇవాళ అనగలను. వద్దు."

ఆ నలుగురూ చేతులు వెనక్కి తీసుకున్నారు. కోశాధికారి దగ్గాడు. సూపర్నెంటుగారి మొహం మాడిపోయింది గానీ, ముందు గేటు దగ్గర కారు హారను వినపడేసరికి ఆ మాడిన మొహానికే నవ్వు తగిలించుకుని పరుగెత్తాడు.

ఫలకం మీద గుడ్డ తొలగించడం, చప్పట్లు, ఉపన్యాసాలు అయ్యాయి. పిన్ని బయటినుంచే అన్నీ విన్నది. మొగుడి ఉపన్యాసంలో "ఈ చర్చి తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి" అన్న మాట కూడా విన్నది. తర్వాత అధికారిణి కట్టడం చుట్టూ ఒకసారి చూసొస్తానందట. వెనకాల కమిటీ మొత్తం తోకలా సాగింది. సందు మలుపు తిరిగేసరికి ఎదురుగా పిన్ని.

అధికారిణి నడివయసు మనిషి, కాళ్లకి మామూలు చెప్పులు, చేతిలో ఏ ఫైలూ లేదు. ఆగింది.

"ఇక్కడ కూర్చున్నారేంటమ్మా? లోపలికి రాలేదా?"

"ఎలా రమ్మంటారు?" అంది పిన్ని. "మెట్లున్నాయిగా. ఇదివరకు మా తమ్ముడు చేసిన వాలుబల్ల ఉండేది. మీ ఫొటోలకి బాగుండదని తీశారు. మళ్లీ వెయ్యడానికి మీరు ఒప్పుకోలేదు."

"మేమా?"

"మీరే. మావారు గట్టిగా అడిగారు కూడా."

అధికారిణి వెనక్కి తిరిగి కమిటీని చూసింది. చూసి మళ్లీ పిన్ని వైపు తిరిగింది. "మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా. ఈ చర్చి కాగితాలన్నీ నా బల్లమీదికే వస్తాయి. ఫోన్లూ నాకే వస్తాయి. అసలు ఆరోజు ఆ చెక్క ఇక్కడే ఉంటే దాన్ని కూడా ఉన్నట్టే రాసుకునేవాళ్లం. అప్పుడిక దాన్ని తియ్యడానికి మా అనుమతి కావలసొచ్చేది. గోడకి మేకు కొట్టకుండా, ఎత్తి పక్కన పెట్టగలిగేది అయితే ఇప్పుడు కూడా అనుమతికి ఇబ్బందేం లేదు. అడగాలంతే."

పాస్టరుగారు తన బూట్లకేసి చూసుకున్నాడు. అనుమతి అడగలేదని ఆయనకి ముందే తెలుసన్న సంగతి ఆ బూట్ల చూపులోనే బయటపడిపోయింది. సూపర్నెంటుగారు నోరు తెరిచాడు.

"అంటే మేడమ్, నేనూ అదే, సరైన సమయం చూసి..."

"ఇవాళే అడగండి," అంది అధికారిణి. ఇంకేం అనలేదు. ఆ అనకపోవడంలో ఎంత ఈసడింపు ఉందో, ఆ ఒక్కసారికి పిన్నికి ప్రభుత్వం మీద గౌరవం కలిగింది.

సాయంత్రం ఇంట్లో ఆయన కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. పిన్ని ఇస్త్రీపెట్టె వైరు చుడుతోంది.

"గట్టిగా అడిగానన్నారు," అంది. "ఎవర్ని? అద్దంలో ఉన్నాయన్నా?"

"నీకర్థం కాదే. గుర్తింపు వచ్చి ఏడాది కాలేదు. అప్పుడే సొంత ఇంటి అవసరానికి అర్జీ పెడితే వాళ్లేమనుకుంటారు? కార్యదర్శి పెళ్లాం కోసం రూలు మార్పించుకుంటున్నాడనుకోరూ?"

"అనుకుంటే?"

జీవితం మొత్తం వాళ్లేమనుకుంటారో అని బతికిన మనిషి, అనుకుంటే ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించినట్టు లేడు.

"నేను సందులో గొడుగేసుకుని కూర్చుంటే ఏమనుకున్నారు మరి వాళ్లు?" అంది. "అది మీకు పట్టలేదు. నెలల తరబడి నా పక్కనుంచే నడిచి మెట్లెక్కి లోపలికి వెళ్లారు. రోజూ ఇంటికొచ్చి అన్నం తిన్నారు. అబద్ధం గొంతుకి అడ్డం పడలేదా మీకు?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఏడవడానికి కూడా ముందు కోటు జేబులోంచి కొత్త చేతిరుమాలు తీశాడు, మడత విప్పకుండానే తుడుచుకున్నాడు. పిన్ని ఆ మడత చూసి మొహం తిప్పుకుంది.

అనుమతి నిజంగానే తొందరగా వచ్చింది. తమ్ముడు జనరేటరు గది వెనకనుంచి వాలుబల్ల లాక్కొచ్చి, వానకి ఉబ్బిన చెక్కలు మార్చి, బద్దలు కొత్తవి కొట్టాడు. శనివారం మధ్యాహ్నం అక్కని తీసుకుని వచ్చేసరికి అక్కడ ఒక చిన్న గుంపు ఉంది. పాస్టరుగారు, కోశాధికారి, ఆయన భార్య, ఇంకా ఎవరెవరో. ముందు సూపర్నెంటుగారు, అదే కోటులో. ఈ అనుమతి తానెంత కష్టపడి తెచ్చాడో అప్పటికే వాళ్లకి చెప్పేసినట్టున్నాడు, అందరూ తలలూపుతున్నారు.

కుర్చీ చెక్క దగ్గరికి రాగానే ఆయన ముందుకొచ్చాడు. "నువ్వు తప్పుకో బామ్మర్దీ, నేను తోస్తాను," అని బావమరిదిని పక్కకి జరిపి, కుర్చీ వెనక పిడి మీద చెయ్యి వేశాడు. ఎవరో ఫోను పైకెత్తారు.

"చెయ్యి తియ్యండి," అంది పిన్ని.

గొంతు పెంచలేదు. వెనక్కి తిరగలేదు. ఆయన వినపడనట్టు నవ్వుతూ నిలబడ్డాడు.

"చెయ్యి తియ్యండి. తమ్ముడున్నాడు."

ఫోను ఎత్తినవాళ్లు దించారు. ఆయన చెయ్యి తీశాడు. తమ్ముడు కుర్చీ పట్టుకుని తోశాడు. చక్రాలు బద్దల మీద టకటకమని ఎక్కి గడప దాటాయి.

లోపల చల్లగా ఉంది. పిన్ని బల్ల మీద ఉన్న గుడ్డ తీసి పక్కన పడేసింది. గొట్టం మీంచి తెల్లగుడ్డ కొంచెం కొంచెంగా విప్పుతూ పరిచింది. అరచేత్తో మధ్యనుంచి అంచులకి దువ్వింది. అటు కుర్చీ తిప్పుకుని ఆ అంచు చూసింది, ఇటు తిప్పుకుని ఈ అంచు చూసింది. రెండూ సమానంగా దిగాయి. ఆనందం వచ్చింది, పొంగుకునే వచ్చింది, దానికేం లోటు లేదు. ఆ బల్ల ముందు కూర్చుని ఆవిడ కాసేపు ఏడ్చింది.

తల తిప్పి చూస్తే పక్క తలుపు గడప బయట మొగుడు నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో వద్దో ఎవరైనా చెబుతారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. రమ్మని పిన్ని అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన మీద కోపం ఉందేమోనని తనలో తాను వెతుక్కుంది. ఇన్నాళ్లూ ఎగతాళి చేసింది, దెప్పింది, నవ్వింది. వాటన్నిటి అడుగునా కోపం ఉందని, అందుకే కాపురం నిలిచిందని అనుకునేది. కోపం అయినవాళ్ల మీదే కదా వస్తుంది. ఎంత వెతికినా అది దొరకలేదు.

"ఆ తలుపు దగ్గరగా వెయ్యిరా," అంది తమ్ముడితో. "దుమ్ము వస్తోంది."